దేవునికి అసాధ్యమైనది ఉందా?

'తాను ఎత్తలేనంత బరువైన బండను దేవుడు చేయగలడా?' యౌవనస్థుల కూడికల్లో ఈ ప్రశ్న ఎవరో ఒకరు వేయకుండా ఉండరు. చేయగలడంటే ఎత్తలేడు, చేయలేడంటే సర్వశక్తుడు కాడు. అడిగిన కుర్రవాణ్ణి గద్దించి కూర్చోబెట్టడం మనకు అలవాటు. అంత అవసరం లేదు. ఇటువంటి ప్రశ్నలకు 13వ శతాబ్దంలోనే థామస్ అక్వినాస్ జవాబిచ్చాడు. తనను తానే కొట్టివేసుకునే మాట అసలు ఒక పనే కాదన్నాడు. నాలుగు మూలల వృత్తం అంటాం. మాట ఉంది గాని వస్తువు లేదు. లేనిదాన్ని చేయకపోవడం శక్తికి లోటు కాదు.

భౌతికశాస్త్రం చెప్పే అసాధ్యాలు వేరు. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ద్రవ్యరాశి ఉన్న ఏ వస్తువూ ఆ వేగాన్ని అందుకోలేదు. ఇవి సృష్టికి వేసిన గట్లు. గట్టు వేసినవాడు దానికి బందీ కాడు గనుకనే ప్రభువు నీటిమీద నడిచాడని నమ్ముతున్నాం. మనుషులు తొందరపడి అసాధ్యమనేవి ఇంకోరకం. శూన్యంలో రాకెట్ పనిచేయదని 1920లో గొడ్డార్డ్‌ను ఎగతాళి చేసిన న్యూయార్క్ టైమ్స్, 1969 జూలైలో అపోలో 11 చంద్రుని దారిలో ఉండగా తప్పు దిద్దుకుంది!

అయితే దేవుడు చేయలేనివి ఉన్నాయని బైబిలే చెబుతోంది. ఆయన అబద్ధమాడలేడు (హెబ్రీ 6:18), తన స్వభావానికి విరోధంగా ఉండలేడు (2 తిమోతి 2:13). మనం ఎక్కువగా ఆనుకునేది ఈ 'లేడు' మీదనే. మాట తప్పగలిగిన సర్వశక్తుని ఎవరు నమ్ముతారు?

లూకా 1:37ను మనం క్యాలెండర్ల మీద అచ్చువేసుకుంటాం, మంచిదే. కానీ ప్రార్థించినా బిడ్డ దక్కని తల్లితో 'నీ విశ్వాసం చాలలేదమ్మా' అనేవారు మన సంఘాల్లో ఉన్నారు. ఇంతకన్నా క్రూరమైన మాట మాకు తెలియదు. వారు గెత్సేమనేను మరచిపోయారు. తండ్రికి సమస్తం సాధ్యమేనని ఒప్పుకుంటూనే (మార్కు 14:36) ఆ గిన్నె తొలగించమని యేసు వేడుకున్నాడు. గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం తక్కువైందని ఎవరనగలరు? శక్తి లేక కాదు, చిత్తం వేరు. మనలను రక్షించడం, ఆ గిన్నెను తప్పించడం రెండూ ఒకేసారి జరిగేవి కావు. పేతురు కత్తి దూసినప్పుడు, తాను వేడుకుంటే పన్నెండు సేనలకు మించిన దూతలు వస్తారని ఆయనే చెప్పాడు (మత్తయి 26:53). అయినా వేడుకోలేదు.