ఆటే కదా అని తీసిపారేయకండి!

“ఇంత వయసొచ్చింది, ఇంకా ఆటలేమిటే?” ఈ మాట వినని ఆడపిల్ల మన ఇళ్లల్లో ఉండదేమో! పెద్దమనిషి కాగానే తొక్కుడుబిళ్ల బందు. పెళ్లయ్యాక గచ్చకాయలు అటకెక్కుతాయి. ఉద్యోగంలో చేరామా, కాస్త గట్టిగా నవ్వినా పని మీద శ్రద్ధ లేదంటారు. కానీ పనిలో కొత్త ఆలోచన తట్టాలంటే, మనం వదిలేసుకున్న ఆ ఆటబుద్ధే కావాలంటాను నేను.

చిన్నప్పుడు కూల్‌డ్రింకు మూతను రాయితో చదును చేసి, రెండు చిల్లులు పొడిచి, దారం గుచ్చి తిప్పేవాళ్లం, గుర్తుందా? లాగి వదులుతుంటే రయ్యిమని తిరిగేది. మూత దొరక్కపోతే అన్నయ్య చొక్కా గుండీ ఉండనే ఉంది!

ఆ ఆటవస్తువే ఓ వైద్య పరికరానికి ప్రాణం పోసింది. మీరట్‌లో పుట్టి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న శాస్త్రవేత్త మను ప్రకాశ్ 2013లో ఉగాండా వెళ్లారు. అక్కడో ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షలకు వాడే సెంట్రిఫ్యూజ్ యంత్రాన్ని తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టారు. కరెంటే లేనిచోట అది ఇంకెందుకు పనికొస్తుంది!

తిరిగొచ్చాక, కరెంటు లేకుండా గిర్రున తిరిగేవేమున్నాయా అని ఆయన బృందం ఆటబొమ్మల్ని ముందేసుకుంది. యోయోలు తిప్పారు. చివరికి దారానికి గుచ్చిన గుండీ దగ్గర ఆగారు. దాని కదలికను కెమెరాలతో చూశారు, లెక్కలు కట్టారు. అలా 2017లో ‘పేపర్‌ఫ్యూజ్’ లోకానికి తెలిసింది. కాగితం బిళ్లలు, దారం, పట్టుకోవడానికి రెండు పిడులు, అంతే. బరువు 2 గ్రాములు. తయారీకి 20 అమెరికా సెంట్లు. వేగం నిమిషానికి 1,25,000 చుట్లు! రక్తం నుంచి ప్లాస్మాను నిమిషంన్నరలో వేరుచేస్తుంది.

ఆట ఒక్కటే ఇంత పని చేసిందనను. ఆ తర్వాత కష్టపడ్డారు కూడా. కానీ దారి చూపింది ఆటే. చీపురుపుల్ల పిల్లల చేతిలో విల్లవుతుంది, అగ్గిపెట్టెలు రైలవుతాయి. ఏ వస్తువైనా ఒక్క పనికే అని వాళ్లనుకోరు. ఓడిపోతే “మళ్లీ మొదట్నుంచీ” అంటారే తప్ప పరువు పోయిందని కుమిలిపోరు. మనమో? ఆలోచన ఇంకా పూర్తిగా పుట్టకముందే, నలుగురూ నవ్వుతారేమోనని నొక్కేస్తాం.

కథ ముందుకు కదలనప్పుడు నేనూ ఆటే ఆడతాను. ఈ కథను అత్తగారు చెబితే? ఆ ఇంటి పిల్లి చెబితే? పది రకాలుగా తిప్పి చూస్తే తొమ్మిది చెత్తబుట్టకే వెళతాయి. పదోది తలుపు తెరుస్తుంది. కుట్టుపని చేసే చెల్లెలు మిగిలిన గుడ్డముక్కల్ని నేలమీద పరిచి అటూ ఇటూ జరిపినా, టీచరమ్మ చింతగింజలతో ఎక్కాలు చెప్పినా అదే ఆట.

అయితే దీనికి కాస్త తీరిక కావాలి. మన దగ్గర లేనిదే అది! ఊరికే కూర్చున్న ఆడదానికి ఎవరో ఒకరు పని చెబుతూనే ఉంటారు. కాబట్టి రోజుకో పది నిమిషాలు నోరు తెరిచి అడిగి మరీ తీసుకోండి.

ఇక పిల్లల్ని హోంవర్కుకు లేపేముందు, వాళ్ల చేతిలో ఏముందో ఒక్క క్షణం చూడండి. “ఏదీ, నాకూ ఓసారి ఇవ్వవూ!” అనడానికి సిగ్గెందుకు?