నడుమునొప్పియు పిలాటీస్ వ్యాయామమును

నడుము పట్టినవారు మంచము పట్టక తప్పదని పెక్కుమంది నేటికిని తలంతురు. ఇది పొరపాటు. సాధారణమైన నడుమునొప్పికి దినముల తరబడి పరుండుట మేలుకంటె కీడునే యెక్కువగా చేయును. కదలనికొలదిని కండరములు నీరసించును. కదలుటకు భయమును పెరుగును. 2020వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 61.9 కోట్ల జనులు ఈ బాధకు లోనైరని అంచనా.

ఈ భయమును పోగొట్టు వ్యాయామములలో పిలాటీస్ పద్ధతి యొకటి. 1883లో జర్మనీలో జన్మించిన జోసెఫ్ పిలాటీస్ బాల్యమున ఉబ్బసముతో కృశించినవాడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారి నిర్బంధ శిబిరమందుండగా తన పద్ధతికి మెరుగులు దిద్ది, పిమ్మట న్యూయార్కులో బోధించెను. ఆయన దానికి పెట్టిన పేరు కంట్రాలజీ. లోకము మాత్రము ఆయన పేరునే నిలిపినది.

ఇందు బరువులెత్తి ఆయాసపడుట ముఖ్యము కాదు. చాపపై వెల్లకిల పరుండి, మోకాళ్లు మడచి, ఊపిరి విడుచుచు పొత్తికడుపును మెల్లగా లోనికి తీసికొని, నడుము కదలనీయక ఒక పాదమును కొంచెము పైకెత్తి దింపవలెను. చూచుటకు ఇంతియే! పది పర్యాయములు సరిగా చేసినవారికే దాని శ్రమ తెలియును. ఉదరమున లోతుగానున్న యొక కండరము నడుమును పట్టీవలె చుట్టియుండును. చేయి కదలుటకు ముందే యది బిగియవలెను. నడుమునొప్పి గలవారిలో ఆ బిగింపు ఆలస్యమగుచున్నదని 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి.

ఫిజియోథెరపిస్టు వెంటనే నేర్పుటకు పూనుకొనడు; మొదట పరీక్షించును. ఏ కదలికకు నొప్పి కలుగుచున్నది, చేయు పని యెట్టిది, పూర్వము శస్త్రచికిత్స జరిగినదా యని విచారించును. ఎముకలు గుల్లబారిన వృద్ధురాలు ముందునకు వంగి దొర్లు వ్యాయామము చేసినచో వెన్నుపూస విరుగవచ్చును. అదియే పడుచువానికి హాని చేయకపోవచ్చును. పురుడు పోసికొన్న తల్లికి క్రమము వేరు. కాలు బలహీనమగుట, తొడల నడుమ స్పర్శ తెలియకుండుట, మలమూత్రములపై పట్టు తప్పుట కనబడినచో వ్యాయామము మాట విడిచి రోగిని తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

పిలాటీస్ సర్వరోగనివారిణి కాదు. నామమాత్రపు చికిత్సకంటె ఇది నొప్పిని తగ్గించుననియు, ఇతర వ్యాయామములకంటె మిన్నయనుటకు తగిన రుజువు లేదనియు 2015 నాటి కాక్రేన్ సమీక్ష తెల్పినది. కావున స్ప్రింగులు గల ఖరీదైన యంత్రములు దొరకనివారు చింతింప నక్కరలేదు. కొన్నిమార్లు ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి, తప్పులు దిద్దుకొని, పిదప ఇంట చాపపై కొనసాగింపవచ్చును. చేసినపుడు కలిగిన నొప్పి మరునాటికిని తగ్గనియెడల, ఆ వ్యాయామమును ఆపి ఆయనకు తెలియజేయవలెను.