ఒక మోర్మన్ యువకుని ఏడు రోజులు

హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లని పేరు పలకతో ఇద్దరు యువకులు నడిచి వెళ్తుండగా మన పాఠకుల్లో చాలామంది చూసే ఉంటారు. కొందరి ఇంటి గేటు కూడా తట్టి ఉంటారు. వారిని మనం మోర్మన్లు అంటాం. ఆ పేరు వద్దని, తమను పూర్తి పేరుతోనే పిలవమని 2018 నుండి వారి నాయకులు మరీ గట్టిగా కోరుతున్నారు. ఆ పేరు 'యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము'. అంత పొడుగు పేరు ప్రతిసారీ రాయలేక ఇక్కడ పాత పేరే వాడుతున్నాం గాని, కించపరచాలని కాదు.

వీరి గురించి మన సంఘాల్లో తరచు వినిపించే మాట ఒకటుంది: అమెరికా నుండి జీతాలొస్తాయి కాబట్టే ఎండలో తిరుగుతారని. ఇది నిజం కాదు. ఈ యువకులకు జీతం లేదు సరికదా, ఖర్చు కూడా వారో, వారి కుటుంబమో పెట్టుకోవాలి. అమెరికా నుండి వెళ్ళేవారు 2020 నుండి నెలకు 500 డాలర్ల చొప్పున కడుతున్నారు. టోక్యోకు వెళ్ళినా, ఖర్చు తక్కువుండే మరో దేశానికి వెళ్ళినా అదే మొత్తం. అబ్బాయిలు రెండేళ్ళు, అమ్మాయిలు ఏడాదిన్నర. ఏ దేశం వెళ్ళాలో వారు ఎంచుకోరు. సాల్ట్ లేక్ సిటీలోని కేంద్రం నుండి పిలుపు వస్తుంది, ఆ పిలుపులో ఏ ఊరుంటే అక్కడికి పెట్టె సర్దుకోవాలి. ఇలా ప్రపంచమంతటా ఇప్పుడు 70 వేలమందికి పైగా ఉన్నారు.

వారి బోధతో మనకు ఏకీభావం లేదు. ఆ సంగతికి తరువాత వద్దాం. ముందు ఆ పిల్లవాడి వారం ఎలా గడుస్తుందో చూద్దాం. ఇది ఫలానా వ్యక్తి కథ కాదు. వారి నియమాలను, వాడుకను బట్టి చెబుతున్నది. యూటా రాష్ట్రంలో పుట్టి పెరిగిన 19 ఏళ్ళ యువకునికి జపాన్ దక్షిణాన క్యూషు ద్వీపంలోని ఫుకువోకా మిషన్‌కు పిలుపు వచ్చిందనుకోండి.

జపాన్ ఏ సువార్తికుడికీ సులువైన పొలం కాదు. ఇదే క్యూషులోని నాగసాకిలో 1597లో 26 మంది విశ్వాసులను సిలువ వేశారు. 1614 నుండి 1873 వరకు క్రైస్తవ్యం నిషేధం. నేటికీ నూటికి ఇద్దరు కూడా క్రైస్తవులు లేరు. మోర్మన్లు అక్కడ అడుగుపెట్టింది 1901లో, హీబర్ జె. గ్రాంట్ అనే నాయకుని వెంట. 23 ఏళ్ళు పాటుపడితే చేరినవారు రెండు వందలు కూడా కాలేదు. 1924లో ఆ మిషన్‌ను మూసేశారు. మూయమని ఆజ్ఞ ఇచ్చింది, అప్పటికి వారి సంఘమంతటికీ అధ్యక్షుడైన ఆ గ్రాంటే. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక 1948లో మళ్ళీ తెరిచారు.

మన యువకుడు యూటాలోని ప్రోవో శిక్షణ కేంద్రం ఆధ్వర్యంలో రెండు నెలల పాటు జపనీసు నేర్చుకుని దిగుతాడు. రెండు నెలల జపనీసంటే ఎంతో ఊహించుకోవచ్చు. తాను చెప్పదలచింది కంఠతా వచ్చు, ఎదుటివారు చెప్పింది మాత్రం అర్థం కాదు. అతని పేరు పలక మీద ఇంటిపేరు, దానితోపాటు 'ఎల్డర్' అన్న బిరుదు ఉంటాయి. ఎల్డర్ అంటే మన బైబిలు భాషలో పెద్ద. జపనీసులో దానికి 'చోరో' అంటారు. మామూలు వాడుకలో అది ఊళ్ళో తల నెరసిన పెద్దమనిషికి చెల్లే మాట. మీసం సరిగా రాని కుర్రాడు వచ్చి నేను చోరోనంటే ముసలమ్మలు నవ్వడంలో వింతేముంది!

రోజు ఉదయం 6:30కు లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, ఫలహారం, తరువాత ఒంటరిగా గ్రంథపఠనం, జోడీతో కలిసి పఠనం, భాష చదువు. పూట గడవకముందే బయటికి. రాత్రి 9 లేక 9:30కు గదికి చేరి, 10:30కు దీపం ఆర్పాలి. సినిమాలు లేవు, టీవీ లేదు, ప్రేమ వ్యవహారాలు అసలే లేవు. ఫోను ఉంటుంది గాని పనికి మాత్రమే. ఇవన్నీ ఒక ఎత్తు, జోడీ నియమం ఒక ఎత్తు. లూకా 10వ అధ్యాయంలో ప్రభువు డెబ్బదిమందిని ఇద్దరిద్దరుగా పంపిన మాట మనకు తెలుసు. వీరు దాన్ని అక్షరాలా పాటిస్తారు. స్నానాల గదిలో తప్ప ఇద్దరూ ఒకరికొకరు కనుచూపు మేరలో, మాట వినబడే దూరంలో ఉండాలి. జోడీని తానెంచుకోడు; మిషన్ అధ్యక్షుడు కలుపుతాడు, సుమారు ఆరు వారాలకోసారి మారుస్తాడు కూడా. గురక పెట్టేవాడు రావచ్చు, ఉప్పూ కారం పడనివాడు రావచ్చు, ఇల్లు తలచుకుని రాత్రిళ్ళు ఏడ్చేవాడూ రావచ్చు. తిరిగి వచ్చినవారిని కష్టమేమిటని అడిగితే తలుపులు మూయించుకోవడం కంటే ముందు ఈ జోడీ సంగతే చెప్పేవారు తక్కువేం కాదు.

సోమవారం వారికి సర్దుకునే రోజు. బట్టలుతుక్కోవాలి, వారానికి సరిపడా బియ్యం, గుడ్లు, కూరగాయలు తెచ్చుకోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి. ఇంటికి ఉత్తరం రాసేదీ ఆ రోజే. ఒకప్పుడు ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు మాత్రమే తల్లి గొంతు వినే అనుమతి ఉండేది. 2019 ఫిబ్రవరి నుండి వారానికోసారి వీడియోలో మాట్లాడుకోవచ్చు. పాతతరం వాళ్ళు "మా రోజుల్లో ఇలా లేదు" అని గొణుక్కుంటారట. మంచి మార్పే అంటాం మేము. పంతొమ్మిదేళ్ళ బిడ్డ ముఖం చూస్తే, వాడు సరిగా తింటున్నాడో లేదో తల్లికి మాటతో పని లేకుండా తెలుస్తుంది.

మంగళవారం నుండి అసలు పని. సైకిళ్ళెక్కి వీధి వీధీ తిరగడం, స్టేషన్ల దగ్గర జనాన్ని పలకరించడం, మునుపు ఒప్పుకున్నవారి ఇంటికి వెళ్ళడం. జపాన్‌లో ఎవరూ ముఖం మీద తలుపు వేయరు, ఎందుకంటే అసలు తలుపు తెరవరు. గోడకున్న ఇంటర్‌కమ్ నుండి 'కెక్కో దెసు' అన్న మృదువైన మాట వస్తుంది. దాని అర్థం బాగుంది అని, అభిప్రాయం వద్దు అని. మనవాళ్ళు 'చూద్దాం లెండి' అన్నట్టన్నమాట. మొదటి నెలలో ఆ మాటకు సంతోషించి గుమ్మం ముందు నిలబడిపోయే కుర్రాళ్ళుంటారు. గంటల తరబడి ఒక్క తలుపూ తెరుచుకోని రోజులు వారంలో ఒకటి రెండు కాదు.

ఎవరైనా తెరిచి, కూర్చోబెట్టారే అనుకోండి, వెంటనే గ్రీన్ టీ పట్టుకొస్తారు. అదే చిక్కు. మోర్మన్లకు మద్యం, పొగాకుతోపాటు టీ, కాఫీ కూడా నిషిద్ధం. ఇంటివారు రెండు చేతులా అందించిన కప్పును కాదనడం ఆ దేశంలో ఎంత మొరటో అందరికీ తెలుసు. బార్లీ గింజలు వేయించి కాచే 'ముగిచా' అన్న పానీయం వారిని ఇక్కడ గట్టెక్కిస్తుంది. అందులో తేయాకు ఉండదు గనుక తాగవచ్చు. జపాన్ వెళ్ళిన మోర్మన్ కుర్రాడు మొదట నేర్చుకునే మాటల్లో అదొకటి.

వారంలో ఒక సాయంత్రం వారి ప్రార్థనా మందిరంలో ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతారు. మందిరం గుమ్మం ఎన్నడూ తొక్కనివారు ఆ పాఠానికి వస్తారు: గుమాస్తాలు, గృహిణులు, కాలేజీ పిల్లలు. చివర ఇష్టమున్నవారికి కొద్ది నిమిషాలు వాక్యం చెబుతారు. ఎక్కువమంది ఇంగ్లీషు పట్టుకుని, వాక్యం వదిలి వెళ్తారు. సువార్త పక్కన మరో సరుకు పెట్టి పిలిస్తే జనం దేనికోసం వచ్చారో తేల్చుకోవడం కష్టమన్నది మన మిషన్ బడుల, ఆసుపత్రుల చరిత్ర చదివినవారికి కొత్త విషయం కాదు.

గురు, శుక్రవారాల్లో లెక్కలు. ఈ వారం కొత్తగా ఎందరు పాఠం విన్నారు, ఎందరు ఆదివారం ఆరాధనకు వస్తామన్నారు, బాప్తిస్మానికి ఎవరు తేదీ పెట్టుకున్నారు. ఈ అంకెలు పై నాయకులకు చేరతాయి. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే అంకెల వెంటపడి వారు దెబ్బతిన్న సంగతి వారి చరిత్రకారులే రాశారు. 1960ల మొదట్లో బ్రిటన్‌లో బేస్‌బాల్ ఆటకు పిలిచి, ఆడటానికి వచ్చిన పిల్లలకు బాప్తిస్మాలిచ్చారు. 1980 ప్రాంతంలో టోక్యోలో, వీధిలో కలిసినవారికి కొద్ది రోజుల్లోనే, ఒక్కోసారి కొద్ది గంటల్లోనే బాప్తిస్మమిచ్చి వేల సంఖ్యలు చూపారు. ఆ పేర్లలో చాలా భాగం పుస్తకంలోనే మిగిలాయి, మనుషులు మళ్ళీ కనబడలేదు. ఆ మనుషులను వెదికి పలకరించే భారం ఏళ్ళ తరబడి జపాన్ స్థానిక విశ్వాసుల మీద పడింది. చేతులెత్తినవారి సంఖ్యను కరపత్రాల్లో అచ్చువేసుకునే మన కూటాల నిర్వాహకులు ఈ భాగాన్ని రెండుసార్లు చదివితే తప్పులేదు.

శనివారం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మళ్ళీ సైకిళ్ళు, మళ్ళీ ఇంటర్‌కమ్‌లు, ఎవరైనా పెద్దామెకు పెరట్లో కలుపు తీసిపెట్టడం.

ఆదివారం ఉదయం మందిరం గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. వారమంతా తిరిగితే వస్తామన్నవారు ఇద్దరు. 2019 నుండి ఆరాధన, బోధ కలిపి రెండు గంటలే. ద్రాక్షారసానికి బదులు రొట్టెతోపాటు నీళ్ళు ఇస్తారు. పాట మొదలయ్యేదాకా అతని చూపు గేటు మీదే ఉంటుంది. ఒక్కోసారి ఒకరు వస్తారు. చాలా ఆదివారాలు ఎవరూ రారు. రెండేళ్ళ చివర జపాన్ నుండి ఒకరిద్దరికి మాత్రమే బాప్తిస్మమిచ్చి, లేక ఎవరికీ ఇవ్వకుండా ఇంటికి చేరేవారు ఉన్నారు.

మరి ఇంత ఖర్చు, ఇంత శ్రమ ఎవరి కోసం? మేము గమనించినంతలో ఈ వారపు యంత్రం ముందుగా మార్చేది విన్నవారిని కాదు, వెళ్ళినవాణ్ణి. రోజుకు పదిసార్లు తన విశ్వాసాన్ని పరాయి భాషలో చెప్పి, పదిసార్లు కాదనిపించుకున్నవాడు తిరిగొచ్చాక ఆ సంఘాన్ని అంత సులువుగా వదలడు. వారి నాయకులకూ ఇది తెలుసు. అయితే దీనికి మరో వైపుంది. దిగులుతోనో అనారోగ్యంతోనో గడువుకు ముందే ఇంటికి వచ్చేసేవారు ప్రతి ఏడూ ఉంటారు. రెండేళ్ళు పూర్తిచేసినవానికి విమానాశ్రయంలో బెలూన్లు, బ్యానర్లు. ముందే వచ్చినవానికి పక్కచూపులు, గుసగుసలు. వారి పత్రికల్లోనే ఇప్పుడు ఈ గాయం గురించి బాహాటంగా రాస్తున్నారు. సెమినరీ చదువు మధ్యలో ఆగిపోయి ఊరికి తిరిగొచ్చిన మన పిల్లలను మనం ఎలా చూశామో కూడా ఇక్కడ గుర్తుకు రావాలి.

ఇక బోధ. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ముగ్గురు వేర్వేరు వ్యక్తులని, తండ్రికి మాంసము, ఎముకలుగల దేహముందని వారు నమ్ముతారు. మనం ఒప్పుకునే త్రియేక దేవుని విశ్వాసం అది కాదు. బైబిలుతోపాటు జోసెఫ్ స్మిత్ 1830లో ప్రచురించిన మోర్మన్ గ్రంథాన్ని, మరి రెండు పుస్తకాలను లేఖనాలుగా ఎంచుతారు. వారి బాప్తిస్మం చెల్లదని 2001లో రోమన్ కథోలిక సంఘం తీర్పు చెప్పింది. ప్రొటెస్టెంటు సంఘాలు చాలా వరకు అదే మాట మీద ఉన్నాయి.

ఇదంతా ఎక్కడో జపాన్ సంగతి అనుకోవద్దు. 1978లో సమోవాలో ఉంటున్న ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ అనే తెలుగు దంపతులు ఈ సంఘం తరఫున హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లో 22 మందికి బాప్తిస్మమిప్పించారు. వారిలో ఎక్కువమంది అప్పటికే క్రైస్తవ కుటుంబీకులు. 2012లో ఈ దేశంలో వారి మొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, ఏర్పడింది హైదరాబాదులోనే. మోర్మన్ గ్రంథం తెలుగులో దొరుకుతుంది. ఇప్పుడు మన గేటు తట్టేవారిలో చాలామంది యూటా కుర్రాళ్ళు కాదు, మన భాష మాట్లాడే పిల్లలు.

వారు వాదానికి దిగరు. పుస్తకం చదివి, ప్రార్థించి, మనసులో కలిగే సాక్ష్యాన్ని బట్టి నిర్ణయించుకోమంటారు. మనసులో కలిగేదానిని లేఖనంతో సరిచూడాలని మీరు చెప్పండి. బెరయవారు పౌలు మాటనే అలా పరిశీలించారు. తండ్రి ఎవరు, కుమారుడు ఎవరు అని నేరుగా అడగండి, దాటవేయకుండా చెబుతారు. ఆ జవాబు వినేటప్పుడు మీ ఇంట్లోని ఇంటర్ చదివే పిల్లవాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మనం ఏం నమ్ముతామో వాడు చెప్పగలడో లేదో అప్పుడే తెలుస్తుంది. ఇంట్లో స్త్రీ ఒక్కతే ఉంటే వారే లోపలికి రారు, అది వారి నియమం. వస్తే చల్లని మంచినీళ్ళో మజ్జిగో ఇవ్వండి. టీ మాత్రం పెట్టకండి, కాదనలేక ఇబ్బందిపడతారు.