గుహ వేరు, గని వేరు: భూగర్భ సందర్శనకు ముందు తెలుసుకోవలసిన విషయాలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠ్యాంశం చదివిన తరవాత మీరు:
- సహజ గుహకు, మలచిన గుహకు, గని సొరంగానికి గల తేడాలను గుర్తించగలుగుతారు.
- సున్నపురాయి గుహ ఏర్పడే తీరును వివరించగలుగుతారు.
- మూతబడిన గనిలోని గాలి ఎందుకు ప్రాణాంతకమో చెప్పగలుగుతారు.
- సందర్శనలో పాటించవలసిన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

7.1 పరిచయం

రాయలసీమ పల్లెల్లో గుహను 'గవి' అంటారు. గుట్టలో చీకటిగా కనిపించే ఏ రంధ్రానికైనా ఆ పేరే పెట్టడం కద్దు. కాని భూగర్భంలోకి దారితీసే రంధ్రాలన్నీ ఒక తీరువి కావు. బెలూం, బొర్రా గుహలను నీరు తొలిచింది. ఉండవల్లి గుహలను శిల్పులు ఉలితో మలిచారు. రామగిరి బంగారు గనులను కార్మికులు తవ్వారు. ఎవరు తొలిచారు, ఎందుకు తొలిచారు అన్నదాన్ని బట్టే ఆ చోటు ఎంత భద్రమైనదో తెలుస్తుంది. అందుచేత లోపలికి అడుగుపెట్టే ముందు మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే: ఇది గుహా, గనా?

7.2 నీరు తొలిచిన గుహలు

వర్షపు నీరు గాలిలోని, ముఖ్యంగా నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ నీరు సున్నపురాయి పగుళ్లలోకి దిగి, రాతిలోని కాల్షియం కార్బొనేట్‌ను కరిగించి తనతో తీసుకుపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ పగులు సందు అవుతుంది, సందు సొరంగమవుతుంది. తరవాత నీటిమట్టం దిగిపోయి సొరంగంలో గాలి చేరినపుడు దీనికి వ్యతిరేక చర్య మొదలవుతుంది. కప్పు నుంచి కారే చుక్కలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోగానే, కరిగిన సున్నం మళ్లీ గట్టిపడుతుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, కింది నుంచి పైకి పెరిగేవి స్టాలగ్మైట్లు. వీటి పెరుగుదల చాలా నెమ్మది. సందర్శకుడు సరదాకు విరిచిన చిన్న కొమ్మ మళ్లీ పెరగాలంటే అనేక తరాలు పడుతుంది.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహలు ఇందుకు మంచి ఉదాహరణ. ఇవి కొండలో కాక, చదునైన పొలాల కింద ఉన్నాయి. బావుల వంటి గుంతల ద్వారా లోపలికి దిగాలి. ఈ ప్రాంతంలో తీసే నాపరాయి కూడా సున్నపురాయే. బ్రిటిష్ భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో ఈ గుహలను నమోదు చేశాడు. 1982, 1983లలో హెర్బర్ట్ డేనియల్ గెబాయర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వీటిని వివరంగా పరిశీలించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. ఇందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర మాత్రమే సందర్శకులను అనుమతిస్తారు. ఆ మేరకు దారి, దీపాలు, బయటి గాలిని లోపలికి పంపే ఏర్పాట్లు ఉన్నాయి. మిగిలిన భాగంలో అవి లేవు. గొలుసు అడ్డంగా కట్టిన చోట ఆగిపోవలసింది అందుకే.

బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహల ప్రాముఖ్యం వేరు. 1884-85లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, అతని కుమారుడు హెన్రీ ఇక్కడ తవ్వకాలు జరిపి జంతువుల ఎముకలను పెద్దసంఖ్యలో సేకరించారు. వాటిని పరిశీలించిన లైడెక్కర్ ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరు మీదుగానే శాస్త్రీయ నామం పెట్టాడు. ఇవాళ ముళ్లపొదలు తప్ప పెద్దగా పచ్చదనం కనిపించని నేలలో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగాయని మనకు తెలియజేసింది ఆ గుహలోని మట్టే. మట్టి పొరల క్రమమే కాలక్రమం. నిధుల కోసం ఒక గునపంతో కెలికితే ఆ క్రమం చెరిగిపోతుంది. మళ్లీ చదవడం ఎవరికీ సాధ్యం కాదు.

7.3 మనిషి తవ్విన గనులు

గని సొరంగాన్ని బయటి నుంచే గుర్తించవచ్చు. ముఖద్వారం దగ్గర తవ్విపోసిన రాళ్ల దిబ్బ ఉంటుంది. గోడలపై గునపం గాట్లు, తూటా కోసం తొలిచిన రంధ్రాల సగం గాడులు కనిపిస్తాయి. బంగారు గనులలో సాధారణంగా తెల్లని పలుగురాయి చార వెంట తవ్వకం సాగుతుంది.

సహజ గుహ చాలా దీర్ఘకాలంలో తన ఆకారాన్ని తాను కుదుర్చుకుంటుంది. నిలవలేని రాళ్లు చాలావరకు ఎప్పుడో రాలిపోయి ఉంటాయి. గని అలా కాదు. కార్మికుడు ఖనిజం ఎటు పోతే అటు తవ్వాడు. కప్పు కూలకుండా కర్ర దూలాలు నిలిపాడు. పని ఆగాక వాటిని చూసేవారు లేరు; కర్ర పుచ్చిపోతుంది. కొన్ని చోట్ల ఖనిజం తీసిన గోతిపై పరిచిన పలకల మీద మట్టి పేరుకొని, అది గట్టి నేలలా కనిపిస్తుంది. అడుగు వేస్తేగాని కింద గొయ్యి ఉన్నదని తెలియదు. పేలకుండా మిగిలిన తూటాలు కూడా ఉండవచ్చు.

నీటి సంగతి కూడా గుర్తుంచుకోండి. ఎందరో తెలుగు కుటుంబాలకు జీవనోపాధి కల్పించిన కోలారు బంగారు గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లాయి. 2001లో వాటిని మూసివేసి పంపులు ఆపాక నీరు చేరి సొరంగాలు మునిగాయి. ఏ పాత గనిలోనైనా నిశ్చలంగా కనిపించే నీటిమడుగు నిజానికి నిలువు బావి కావచ్చు.

7.4 కనిపించని ప్రమాదం: గాలి

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం మాత్రమే. మూతబడిన గనిలో ఈ లెక్క తలకిందులవుతుంది. పుచ్చుతున్న కర్ర ఆక్సిజన్‌ను వాడుకొని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ వంటి ఖనిజాలు తేమలో మెల్లగా మార్పు చెందుతూ ఆక్సిజన్‌ను హరిస్తాయి. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కనుక పల్లపు చోట్ల నిలుస్తుంది. దానికి రంగు లేదు, వాసనతో పసిగట్టలేం. ఆక్సిజన్ 10 శాతం కంటే తగ్గితే మనిషి హెచ్చరిక లేకుండానే స్పృహ కోల్పోవచ్చు.

దీపం వెలిగించి చూస్తే సరిపోతుందని కొందరి నమ్మకం. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోయినపుడు దీపం ఆరుతుంది, నిజమే. కాని విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను దీపం పట్టివ్వదు. మీథేన్ ఉంటే దీపమే పేలుడుకు కారణమవుతుంది. పైగా బయటి వాతావరణ పీడనం తగ్గినపుడు లోపలి చెడుగాలి ముఖద్వారం దాకా వస్తుంది. నిన్న బాగున్న చోటు ఇవాళ బాగుండకపోవచ్చు.

పాడుబడిన బావులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, అతణ్ణి తీయబోయి తమ్ముడు, ఇద్దరినీ చూసి పక్క పొలం మనిషి దిగి, ముగ్గురూ మరణించిన వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. వారిని బలి తీసుకున్నది పిరికితనం కాదు, ఆప్యాయత. అలాంటి సమయంలో పైనున్నవారిలో కాస్త చదువుకున్న మనిషి మీరే కావచ్చు. రెండో మనిషిని దిగనివ్వకండి, అవసరమైతే పట్టుకొని ఆపండి. 101కి గాని 112కి గాని ఫోన్ చేసి, లోపల గాలి లేదని స్పష్టంగా చెప్పండి. అప్పుడే వారు శ్వాస పరికరాలతో వస్తారు.

7.5 సందర్శకులకు సూచనలు

1. మూతబడిన గనిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. కంచె దాటకండి. బయటి నుంచే పరిశీలించండి.
2. అనుమతించిన గుహలోకి కూడా ఒంటరిగా వెళ్లకండి. ఎప్పటికి తిరిగి వస్తారో బయట ఒకరికి చెప్పండి.
3. ఒక్కొక్కరి దగ్గర కనీసం రెండు టార్చిలైట్లు ఉండాలి. సెల్‌ఫోన్ వెలుగును లెక్కలోకి తీసుకోవద్దు.
4. వర్షాకాలంలో నీరు పారే గుహలకు దూరంగా ఉండండి. థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 2018 జూన్ 23న వెళ్లిన 12 మంది బాలురు, వారి కోచ్ వరదలో చిక్కుకున్నారు. వారందరినీ బయటికి తెచ్చేసరికి జూలై 10 అయింది. రక్షణకు వెళ్లిన మాజీ నౌకాదళ డైవర్ ఒకరు గుహలోనే మరణించాడు.
5. తలనొప్పి, ఆయాసం, మత్తు అనిపించిన వెంటనే అందరూ వెనుదిరగాలి.
6. గబ్బిలాలను బెదరగొట్టకండి. వాటి రెట్టల ధూళిలో ఊపిరితిత్తులకు హాని చేసే శిలీంధ్రాలు ఉండవచ్చు.
7. రాతిని విరవకండి, పేర్లు చెక్కకండి, మట్టిని తవ్వకండి.

7.6 సారాంశం

సహజ గుహ నీటి పని. గని మనిషి పని. గుహలో దారి, వెలుగు, గాలి ఏర్పాటు చేసిన మేరకు నిశ్చింతగా చూడవచ్చు. గనికి ఆ ఏర్పాట్లు పని జరిగినంత కాలమే ఉంటాయి. పని ఆగిన మరునాటి నుంచి అది మనుషులు దిగదగిన చోటు కాదు. గుహను మనం కాపాడాలి; గని నుంచి మనల్ని మనం కాపాడుకోవాలి.

7.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్టాలక్టైట్ ఏర్పడే ప్రక్రియను వివరించండి.
2. గుహలోని మట్టిని కెలకడం వల్ల కలిగే నష్టం ఏమిటి? బిల్లసర్గం ఉదాహరణతో రాయండి.
3. పాత గనిలో దీపం పరీక్షను ఎందుకు నమ్మరాదు?
4. కృత్యం: మీ ఊరి చుట్టుపక్కల ఉన్న పాత గుంతలు, గవులు, పాడుబడిన బావుల గురించి పెద్దలను అడిగి ఒక జాబితా రాయండి. ఒక్కొక్కటి ఎవరు, ఎందుకు తొలిచారో, దానికి కంచె ఉన్నదో లేదో నమోదు చేయండి. దేనిలోకీ దిగకండి. కంచె లేనివాటి వివరాలను గ్రామ పంచాయతీకి రాతపూర్వకంగా అందజేయండి.