తప్పిపోయిన తట్టు టీకాలు

తట్టు ప్రతి బిడ్డకును రాకతప్పని అమ్మవారనియు, వచ్చి పోయినచో పీడ విరగడ యగుననియు మన పల్లెలలోని వృద్ధులు నేటికిని తలంచుచున్నారు. వారినని లాభము లేదు. 1985వ సంవత్సరమున మొదలైన సార్వత్రిక టీకాల పథకమున తట్టు సూది చేరువరకు ఆ వ్యాధిని ఎరుగని యిల్లు అరుదు. మశూచికవలె ముఖమున గుంటలు నిలుపునది కాదు గనుక జనులు దానిని తేలికగా నెంచిరి. కాని పొక్కులు మాడిన పిమ్మట వచ్చు ఊపిరితిత్తుల వాపును, విరేచనములును ఎందరు పసివారిని కబళించినవో, ఎందరి చూపును తీసికొనిపోయినవో ఎవరును లెక్కింపలేదు. అంతకుముందు ఇతర వ్యాధులపై బిడ్డ సంపాదించుకొనిన రక్షణశక్తిని గూడ తట్టు చెరపివేయునని 2019లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

సిరిసిల్లనుండి కామారెడ్డి పోవు త్రోవలోని ఎల్లారెడ్డిపేటను తలంచి ఈ మాటలు వ్రాయుచున్నాము. ఆ సీమవారి జీవనము రాకపోకల జీవనము. మగ్గముపని వెదకికొనుచు సిరిసిల్ల ప్రాంతపు పద్మశాలి కుటుంబములు తరతరములుగా భివండికి, సోలాపురమునకు, సూరతుకు పోవుచున్నవి. ఇతరులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. ఇట్టి యింటి బిడ్డ భివండిలో పుట్టును. తొమ్మిదవ నెల నిండునప్పటికి అమ్మమ్మ యింట నుండును. ఏడాదిన్నరకు మరల భివండి చేరును. అచ్చటి దాది ఇచ్చట వేసియుందురనుకొనును. ఇచ్చటి ఆశా కార్యకర్త అచ్చట వేసియుందురనుకొనును. కార్డు ఏ పెట్టె యడుగుననో యుండును. 2022 చివర బొంబాయిలోని గోవండిలో చెలరేగిన తట్టు మాలేగామునకును, మనవారున్న భివండికిని ప్రాకిన సంగతి పాఠకులు మరువరాదు.

రక్షణ లేనివారి నడుమ ఒక్క రోగి పండ్రెండుగురు మొదలు పదునెనిమిదిమందికి ఈ వ్యాధి నంటింపగలడు. పొక్కులు కనబడుటకు నాలుగు దినములు ముందే అది అంటుకొనును. రోగి వెడలిపోయిన గదిలోని గాలియందు రెండు గంటలవరకు నిలుచును. వేపమండలు గుమ్మమునకు కట్టునప్పటికే పొరుగింటి పిల్లలు చిక్కియుందురు. నూటికి 95 మందికి రెండు సూదులును పడిననే గాని ఊరికి రక్షణ లేదు.

రెండవ సూది యెందుకని చదువుకొన్నవారే యడుగుచున్నారు. తొమ్మిదవ నెలలో తల్లి యిచ్చిన రక్షణ బిడ్డ నెత్తురులో కొంత మిగిలియుండుటచే టీకా అందరికి పట్టదు. నూటికి ఇంచుమించు 85 మందికే పట్టును. పట్టని ఆ పదునైదుగురెవరో పైకి తెలియదు. అందుచేత పదునారవ నెల మొదలు ఇరువదినాలుగవ నెలలోపున అందరికిని మరల వేయుదురు.

గడువు దాటినదని నిరాశ చెందనక్కరలేదు. అయిదేండ్లు నిండువరకు ప్రభుత్వపు టీకాకేంద్రములలో ఉచితముగా వేయుదురు. ఒక్కటియు పడనివానికి నెలదినముల యెడముతో రెండు. ఒకటి పడినవానికి మిగిలినది మాత్రమే, మొదటినుండి రానక్కరలేదు. కార్డు పోయి, పడినదో లేదో తెలియనిచో వేయించుటయే మేలు. అదనపు సూదివలన కీడు లేదు. జలుబు, కొద్దిపాటి జ్వరము అడ్డు కావు. అయిదేండ్లు దాటినవారికిని టీకా పనిచేయును, వైద్యునడిగి వేయింపవలయును. 2017 ఆగస్టులో తొమ్మిది నెలల బిడ్డ మొదలు పదునైదేండ్ల వారివరకు అందరికిని వేసిన ఉద్యమము తరువాత పుట్టిన పిల్లలకు, అందును 2020 నాటి కోవిడు దిగ్బంధములో పుట్టినవారికి, ఈ విచారణ మిక్కిలి యవసరము.

సూది వేసిన వారము పది దినములకు కొందరికి జ్వరమును, సన్నని పేతయు కనబడును. రెండు మూడు దినములలో తగ్గిపోవు ఆ సంగతి ముందే చెప్పినచో 'సూదివలననే అమ్మవారు పోసినది' అను మాట పుట్టదు. మరియొక చిక్కు కలదు. ఈ మందు పొడిగా నుండును. ద్రవముతో కలిపిన నాలుగు గంటలకు పారవేయవలసినదే. ఒక సీసా పలువురకు సరిపోవును గనుక, ఒక్క బిడ్డకై విప్పుటకు కేంద్రమువారు జంకుదురు. సీసా వ్యర్థమైనను వేయవలయుననియే మా అభిప్రాయము. బీడీలు చుట్టు తల్లి ఒకపూట కూలి విడిచి వచ్చి, ఉత్తచేతులతో తిరిగిపోయినచో మరల రాదు.

గాంధీమహాత్ముడు టీకాల నంగీకరింపలేదని వాదించు మిత్రులున్నారు. నిజమే. కాని టీకావలన మశూచికము లోకమునుండియే తొలగినదని 1980లో ప్రకటించిన నిదర్శనము ఆయన చూచినది కాదు. ఈ టీకా పరదేశపు సరకును గాదు. పూనాలోను, మన హైదరాబాదులోను తయారగుచున్నది.

భూవసతిగల పెద్దలకొక మాట. ఒడిస్సానుండి ఇటుకబట్టీలకు వచ్చు కూలీల పిల్లలు ఏ గ్రామపు పట్టీకిని ఎక్కకుండ పోవుట సులభము. కూలీలకు బయానా లిచ్చి రప్పించు యజమాని వారి బిడ్డల పేర్లు వ్రాయించి ఏ.ఎన్.ఎం.కు పంపుట యెంతపని? బతుకమ్మకు ఆడబిడ్డలు పిల్లలతో పుట్టిండ్లకు వత్తురు. ఆ పండుగ దినములలో వాడుకగా జరుగు బుధ, శనివారములు చాలవు. ఎల్లారెడ్డిపేటలో అదనముగా రెండు పూటలు సూదులు వేయింపుడని జిల్లా వైద్యాధికారులను కోరుచున్నాము. దసరా వెళ్లగానే వారు మరల భివండి బస్సెక్కుదురు.