బాటసారి అడుగే బాటకు కొలత

కొండపల్లి అనగానే మనకు తెల్లపొణికి కర్రతో చేసిన బొమ్మలు జ్ఞప్తికి వచ్చును. ఆ బొమ్మల ఊరి మీదుగానే 30వ జాతీయ రహదారి ఇబ్రహీంపట్నము నుండి మైలవరము, తిరువూరుల వైపు సాగుచున్నది. పారిశ్రామికవాడకు పోవు లారీలకును, బస్సులకును, సైకిళ్ళకును, కాలినడకన పోవు వారికిని బాట ఒక్కటే.

ప్రమాదము జరిగినపుడు "తప్పెవరిది?" అని మనము అడుగుదుము. బాట సంగతి అడుగము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటును. అడ్డు వచ్చిన పిల్లవానిని చూచి బ్రేకు నొక్కుటకే సుమారు సెకను పట్టును. బ్రేకు పడిన పిమ్మట ఆగుటకు మరికొంత దూరము కావలెను. వేగమును సగము చేసినచో ఆ దూరము నాలుగవ వంతగును. ఊరి నడుమ వేగము తగ్గింపుమనుటకు కారణమిదే.

పాదచారికి జాగ్రత్త చెప్పుట సులభము. కాలిబాట లేనిచోట అతడెక్కడ నడచును? దాటుటకు తావు చూపనిచోట ముసలమ్మ ఎక్కడ దాటును? 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 215వ సెక్షను జిల్లా రోడ్డు భద్రతా సంఘములకు వీలు కల్పించినది. మన పిల్లలు రహదారిని ఎచ్చట దాటుచున్నారో ఆ సంఘమునకు తెలియజేయుట మన వంతు. లారీ వెడల్పును కొలుచువారు ముసలమ్మ అడుగును కూడ కొలువవలెను.