నగకు పేరు ఎలా వస్తుంది?

నలుగురు ఆడవాళ్ళు కలిసి నగల వ్యాపారం పెట్టారనుకుందాం. ఒకామెకు కొత్త కొత్త డిజైన్లు గీయడం వచ్చు. ఇంకొకామె తమ్ముడు కంసాలి పని చేస్తాడు. పెట్టుబడి కొంచెమే. పెద్ద హారాలు చేయించలేరు. కమ్మలు, ముక్కుపుడకలు, సన్నని గొలుసులు చేయించగలరు. కానీ తెలిసిన దుకాణం వదిలి, కొత్తవాళ్ళ దగ్గర బంగారం ఎవరు కొంటారు?

ఈ చిక్కు ఒక పెద్ద కంపెనీకి కూడా వచ్చింది. ఆ కథ చూద్దాం.

టైటాన్ అంటే చేతి గడియారాల కంపెనీ. టాటా వాళ్ళూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థా కలిసి 1984లో దాన్ని పెట్టారు. ఫ్యాక్టరీ హోసూరులో ఉంది. హోసూరు తమిళనాడులోనిదే అయినా, ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. 1990ల నడుమ ఈ కంపెనీ నగల వ్యాపారంలోకి దిగింది. ఆ నగలకు తనిష్క్ అని పేరు పెట్టింది.

మొదట వాళ్ళు 18 క్యారెట్ల నగలు చేశారు. క్యారెట్ అంటే ఏమిటి? బంగారాన్ని 24 పాళ్ళు అనుకోండి. 24కు 24 పాళ్ళూ బంగారమే అయితే అది మేలిమి. మేలిమి బంగారం మెత్తన. నగకు ఆగదు. అందుకే రాగి, వెండి కలుపుతారు. 22 క్యారెట్ల నగలో 22 పాళ్ళు బంగారం, 2 పాళ్ళు కలిపిన లోహం. 18 క్యారెట్లలో కలిపినది 6 పాళ్ళు. ఇది గట్టిగా ఉంటుంది. రాయి పొదిగితే పట్టు నిలుస్తుంది. ధర కూడా తగ్గుతుంది.

అయినా జనం పెద్దగా కొనలేదు. కంపెనీకి నష్టాలు వచ్చాయి. ఎందుకు కొంటారు? మన ఇళ్ళలో నగ పెట్టుకోవడానికే కాదు. పంట పోయినా, ఇంట్లో జబ్బు చేసినా తాకట్టు పెట్టేది దాన్నే. 22 క్యారెట్లకు అలవాటు పడినవాళ్ళు 18ని ఎలా నమ్ముతారు? కంపెనీ కూడా 22 క్యారెట్ల నగల వైపు తిరగాల్సి వచ్చింది.

1990ల చివర తనిష్క్ దుకాణాల్లో ఒక యంత్రం పెట్టారు. ఎక్స్‌రే కిరణాలతో అది నగను పరీక్ష చేస్తుంది. గీయక్కరలేదు, కరిగించక్కరలేదు. బంగారం ఎంతో, కలిపింది ఎంతో కొద్ది నిమిషాల్లో తెలుస్తుంది. ఆడవాళ్ళు తమ పాత నగలు తెచ్చి చూపించుకున్నారు. 22 అని చెప్పి అమ్మిన నగలు చాలావాటిలో అంత బంగారం లేదని తేలింది. పుట్టింటివాళ్ళు అప్పు చేసి పెట్టిన గొలుసు గురించి ఆ మాట వినడం ఎంత కష్టం!

అప్పుడు కంపెనీ ఒక పని చేసింది. కనీసం 19 క్యారెట్లు ఉన్న పాత నగ తెస్తే, అదే తూకానికి 22 క్యారెట్ల నగ ఇస్తామంది. మజూరీ మాత్రం తీసుకుంది. జనం నమ్మకం అలా కుదిరింది.

2011లో అదే కంపెనీ మియా అనే పేరుతో తేలిక నగలు తెచ్చింది. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ కోసం తెచ్చింది. ఇప్పుడు 18, 14 క్యారెట్ల నగలు కూడా జనం కొంటున్నారు. ఒకప్పుడు వద్దన్నవే కదా! ఇవి తాకట్టు కోసం కొనేవి కావు. రోజూ పెట్టుకోవడానికి, తన సంపాదనతో, తనకు నచ్చిన ఆకూ పువ్వూ ఎంచుకుని కొనేవి. ఎన్ని క్యారెట్లో ముందే చెప్పి అమ్ముతున్నారు.

ఇప్పుడు ప్రభుత్వ ముద్ర కూడా ఉంది. దాన్ని హాల్‌మార్క్ అంటారు. 2021 జూన్ నుంచి చాలా జిల్లాల్లో ఇది తప్పనిసరి. నగ లోపలి వైపు చూడండి. మూడు గుర్తులు ఉంటాయి. ఒకటి బీఐఎస్ వారి ముక్కోణం గుర్తు. రెండోది క్యారెట్ల అంకె. 22 క్యారెట్లకు 916, 18కి 750, 14కి 585. 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం. మూడోది అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల నంబరు. ఒక్కో నగకు ఒక్కో నంబరు. ఫోనులో బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడవచ్చు. అక్షరాలు మరీ చిన్నవి. దుకాణంలో భూతద్దం అడగండి, మొహమాటపడవద్దు.

అయితే 2 గ్రాముల లోపు నగకు ఈ ముద్ర తప్పనిసరి కాదు. అంటే ముక్కుపుడకకు ముద్ర ఉండకపోవచ్చు. డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు కొనేది అదే.

మన నలుగురు ఆడవాళ్ళు చేయించేవి కూడా అలాంటి చిన్న నగలే. కాబట్టి వాళ్ళు బిల్లు మీద అన్నీ రాయాలి. ఎన్ని క్యారెట్లు, బంగారం తూకం ఎంత, రాయి తూకం ఎంత, తరుగు, మజూరీ, పన్ను, అన్నీ విడివిడిగా. రాయిని బంగారంతో కలిపి తూచకూడదు. వెండి మీద బంగారు పూత వేస్తే ఆ మాటే రాయాలి. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి గిల్టు నగలకు పేరు. గిల్టు అని తెలిసే ఆడవాళ్ళు వాటిని ముచ్చటపడి కొంటారు.

రేపు ఆ ముక్కుపుడక వెనక్కి తెస్తే ఏ లెక్కన తీసుకుంటారో, అది కూడా ఆ బిల్లు మీదే రాసి, చదివి వినిపించి ఇవ్వాలి.